మూడో గేరు పడని చోట

గేర్ బాక్స్ నూనె కొలిచే డిప్‌స్టిక్ లాగగానే మాడు కంపు ముక్కులోకి ఎక్కింది. గుడ్డతో తుడిచి, మళ్ళీ దింపి, మళ్ళీ లాగి, తెల్ల కాగితం మీద ఒక చుక్క రాల్చి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను. దానిమ్మ రసంలా ఎర్రగా, పల్చగా ఉండవలసిన నూనె గాయం మీద ఎండిన నెత్తురులా ఉంది. నడుమ నల్లటి నలుసులు. రెండు నెలల కిందట విప్పి, లోపల అన్నీ కొత్తవి వేసి బిగించిన గేర్ బాక్స్‌లో నూనె ఇలా ఉండే వీలే లేదు. వేళ్ళ మధ్య రాసి విడదీస్తే సన్నటి తీగ సాగింది, జలుబు చేసిన పిల్లల ముక్కు తుడిచినప్పుడు సాగినట్టు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ నూనెలో మోచేతులదాకా ముంచి పనిచేస్తున్నాను, ఈ వాసన మధ్యే కూర్చుని అన్నం తిన్నాను, కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ దీని పక్కనే తిరిగాను, ఏనాడూ వెగటు పుట్టలేదు. ఇవాళ పుట్టింది. ఆ సాగేది నూనె కాదని నా వేళ్ళు నాకంటే ముందే గుర్తుపట్టాయి. అరిగిపోయిన గేర్ బాక్సుల్లో పోసే చిక్కటి మందు అది, సీసాల్లో అమ్ముతారు. పోసిన కొన్ని వారాలు బండి బాగైనట్టు నటిస్తుంది, తర్వాత మిగిలి ఉన్న కాస్త ప్రాణాన్నీ మాడ్చి వదిలిపెడుతుంది. మా షాపులో ఆ సీసా ఉండదు. నాన్న బతికుండగా ఎవరో అమ్ముడుపోయే సరుకని ఊరికే ఇచ్చి వెళ్తే, మూత కూడా తీయకుండా చెత్త డబ్బాలో పడేశాడు. మరి ఇది ఇందులోకి ఎలా వచ్చింది. దాని వెనకే ఇంకో ప్రశ్న లేవబోయింది, దాన్ని అక్కడే కూర్చోబెట్టాను. ముందు బండిని చూడాలి, మనుషుల్ని తర్వాత చూడవచ్చు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు బాగా అలవాటు.

గోడ పక్క బెంచీ మీద బండి తాలూకు ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆవిడ బట్టలు కుడుతుంది, పక్క వీధి చివర షాపు, పాత బట్టలు విప్పి ఒంటికి సరిపోయేలా మళ్ళీ కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. యాభై అయిదేళ్ళు ఉంటాయి. పక్కన ఆవిడ తమ్ముడు. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళి మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి, ఒక్కసారి తప్పినా ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరి అందదు. ఈ కారు ఉన్నది అందుకే, ఆవిడ ఆ వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నదీ అందుకే, కాళ్ళతో చేసే పని ఒకటి తగ్గుతుందని ఆటోమేటిక్ కొన్నదీ అందుకే. ఇవాళ ఒకటిన్నరకి ఆస్పత్రిలో ఉండాలి. ఇప్పుడు పదకొండు. నిన్న సాయంత్రం పెద్ద రోడ్డు దగ్గర మలుపు తిరుగుతుంటే ఇంజను గొంతు చించుకుంది గాని బండి కదల్లేదట. ఎదురుగా లారీ. ఆ మాట పొద్దున వచ్చినప్పుడు మామూలుగానే చెప్పింది, ఒక జేబు ఊడిందని చెప్పినట్టు. చెబుతున్నంతసేపూ కుడిచేతి బొటనవేలితో ఎడమచేతి చూపుడువేలి కొసను రుద్దుకుంటూనే ఉంది. తమ్ముడే నవ్వాడు. "మా ఇద్దరికీ ఒకటే జబ్బు మెకానిక్ గారూ, నాకూ బండికీ. లోపల వడపోత పోయింది," అన్నాడు. అతని చీలమండలు చెప్పుల అంచుల మీదుగా ఉబ్బి ఉన్నాయి. నేను నవ్వాలనుకున్నాను. మూతి కదిలింది గాని నవ్వు రాలేదు.

అన్నయ్య అద్దాల గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. మా ఇంట్లో వాడికి తేనెసీసా అని పేరు. అమ్మ ముద్దుగా పెట్టింది, నేను వేరే అర్థంలో వాడుకున్నాను. వచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి, ఇంట్లో వాళ్ళ ఆరోగ్యం అడిగి, బండి గురించి అసలు మాట్లాడకుండానే వాళ్ళ భయం సగం తీసేస్తాడు. మిగతా సగం నేను కింద పడుకుని తీస్తాను. ఇదే మా పంపకం, నాన్న ఉన్నప్పటి నుంచీ. వాడు ముందు గదిలో, నేను వెనక షెడ్డులో. అద్దం వెనక వాడి పెదవులు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు, కానీ ఆ తల వంపు చూస్తే అవతలివాళ్ళు కరిగిపోతున్నారని తెలుస్తోంది. జుట్టు నున్నగా దువ్వుకున్నాడు. చొక్కాకు సెంటు, గోళ్ళు శుభ్రం. ఎప్పుడూ చూసేదే. ఇవాళ ఆ గోళ్ళ మీదే నా చూపు నిలిచింది. గేర్ బాక్స్ విప్పినవాడి గోళ్ళలో నలుపు పోవడానికి పది రోజులు పడుతుంది, సబ్బుకి పోదు, నిమ్మతొక్కకి పోదు. రెండు నెలల కిందట, నా ముంజేతి ఎముక చిట్లి మూడు వారాలు కట్టుతో ఇంట్లో కూర్చుని తిరిగి వచ్చిన రోజున, ఈ బండి పనంతా తనే చేశానని వాడు చెప్పిన రోజున, వాడి గోళ్ళు ఎలా ఉన్నాయి. గుర్తు తెచ్చుకోబోయాను. గుర్తు రాకపోతే బాగుండుననిపించింది.

చల్లగా ఉన్నప్పుడు జారని బండి వేడెక్కాక జారుతుంది, కాబట్టి వేడెక్కేదాకా తిప్పాలి. ఆవిడ పక్క సీట్లో కూర్చుంటానంది, నిన్న ఎక్కడ ఆగిందో చూపిస్తానంది. బయలుదేరాం. మొదటి గేరు మెత్తగా పడింది. రెండోది కూడా. మూడోది కాస్త బద్ధకంగానైనా పడింది. కాగితాల గోదాము, బడి ప్రహరీ, సైకిళ్ళ షాపు, వంతెన. స్టీరింగ్ మీద గుడ్డ తొడుగు, ఆవిడే కుట్టి ఉంటుంది, కుట్టు ఎక్కడా వంకరపోలేదు. వెనక సీట్లో తలగడ, దుప్పటి, నీళ్ళ సీసా, ఒక ప్లాస్టిక్ గిన్నె. ఆ గిన్నె ఎందుకో నాకు తెలుసు. నాన్న ఆఖరి ఏడాది మా ఇంట్లోనూ అలాంటిదే ఉండేది. తిరుగు ప్రయాణంలో అతనికి వాంతి అవుతుందని, అయినా మాట్లాడుతూనే ఉంటాడని ఆవిడ చెప్పింది. "వాడు మాట్లాడకపోతేనే నాకు భయం," అని కిటికీ వైపు తిరిగింది. పావుగంట గడిచింది. ఇంజను వేడి ముల్లు సగానికి వచ్చింది. వంతెన ఎక్కుతూ కాలు కొంచెం గట్టిగా నొక్కాను. రెండు నుంచి మూడుకి మారాల్సిన చోట ఒక్కసారిగా చక్రాలతో సంబంధం తెగిపోయింది, ఇంజను ఒక్కటే పైకి పైకి అరుచుకుంటూ పోయింది, మీటరు ముల్లు ఎగిరింది, బండి మాత్రం ఎక్కడున్నది అక్కడే బరువుగా వెనక్కి లాగుతున్నట్టుంది. కాలు తీశాను. దడాలున మూడో గేరు పడింది, ఇద్దరం ముందుకు తూలాం. ఆవిడ చెయ్యి డాష్‌బోర్డుకి అతుక్కుపోయింది. "ఇదే," అంది. "నిన్న కూడా ఇదే చప్పుడు. లారీ వాడి ముఖం కనబడింది నాకు. వాడు కూడా భయపడ్డాడు."

ఆ చప్పుడు నాకు కొత్త కాదు. పొద్దున లేవబోయిన ఆ రెండో ప్రశ్నని ఇక కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. అది లేచి నిలబడింది. రెండు నెలల కిందట కట్టు విప్పిన మర్నాడు, మణికట్టు ఇంకా బిగుసుకుని ఉండగా, అన్నయ్య తాళాలు నా చేతిలో పెట్టి ఒక్క రౌండు తిప్పిరా తల్లీ, నువ్వు సరే అంటే నాకు ధైర్యం అన్నాడు. గోదాము దాకా వెళ్ళి వచ్చాను, అంతే. బండి చల్లగా ఉంది, పొద్దున తొమ్మిది. గోదాము మలుపు దగ్గర ముల్లు ఎగిరింది, ఇంత కాదు, ఒక వెంట్రుకవాసి. చెవికి పట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళ చెవి, పట్టకుండా ఎలా ఉంటుంది. గేరుని పట్టుకునే ప్లేట్లు కొత్తవి కదా, ఒరుసుకుని కుదురుకుంటాయి అనుకున్నాను. కాదు, అలా అనుకోవాలని నిర్ణయించుకున్నాను. అడిగితే వాడు నవ్వుతాడు, తర్వాత మౌనంగా ఉంటాడు, మధ్యాహ్నానికి వదిన ఫోను చేస్తుంది, సాయంత్రానికి అమ్మ ఏడుస్తుంది, అన్నని పనివాడిలా నిలదీస్తున్నానని నాలుగు రోజులు ఇల్లంతా నా మీద ముఖం ముడుచుకుంటుంది. చెయ్యి నొప్పిగా ఉంది. ఇంటికి వెళ్ళి పడుకోవాలనిపించింది. చేసిన పని రాసే జాబ్ కార్డు మీద, టెస్ట్ డ్రైవ్ అని ఉన్న గడిలో సరే అని రాసి సంతకం పెట్టాను. ఆ అక్షరాలు ఇప్పుడు ఇనప బీరువాలో ఎక్కడో ఉన్నాయి, నా చేతిరాతలో. వంతెన దిగుతుంటే నోట్లో చేదు ఊరింది. ఇందాక నూనె మీద పుట్టిన రోత నా మీదికే తిరిగింది. కిటికీ అద్దం దించాను. ఆవిడ, "మీకు తల తిప్పుతోందా?" అని వెనక సీట్లోంచి నీళ్ళ సీసా అందుకోబోయింది. వద్దన్నాను. వాళ్ళ నీళ్ళు తాగే మొహం కాదు నాది.

షాపుకి వచ్చాక బండిని లిఫ్ట్ మీద లేపాను. నూనె ఒత్తిడి కొలిచే గేజ్ తగిలించి, కిందికి దించి ఇంజను వేశాను. వేడి మీద కూడా ముల్లు నిలకడగా ఉంది, కాలు నొక్కితే ఎక్కాల్సినంత ఎక్కింది. పంపు బాగానే ఉంది, ఇంజను బలాన్ని గేర్ బాక్స్‌కి అందించే కన్వర్టర్ మీదా అనుమానం లేదు. అంటే నూనె అందుతోంది, నొక్కుతోంది, పట్టుకోవలసిన ప్లేట్లే పట్టుకోలేకపోతున్నాయి. మూడో గేరు ప్లేట్లు బోడి రేకులైపోయి ఒకదాని మీద ఒకటి తిరుగుతున్నాయి, చెమట చేతుల్లోంచి సబ్బు జారినట్టు. ఇంజను ఆపి, మళ్ళీ పైకి లేపి, నూనె వంపి, అడుగున నూనె నిలిచే ప్యాన్ బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాను. ఏడోది కదల్లేదు. తుప్పు పట్టి అతుక్కుపోయింది. రెండు నెలల కిందట విప్పిన బోల్టుకి అంత తుప్పు రాదు. ప్యాన్ దించాను. అడుగున నల్లటి బురద, అయస్కాంతం చుట్టూ ముళ్ళపందిలా లేచిన ఇనప రజను. వేలితో తీస్తే బురదలోంచి ప్లేట్ల ముక్కలు వచ్చాయి, తడిసిన అట్టముక్కల్లా. పైన ఫిల్టరు, కంపెనీ నుంచి వచ్చినప్పటి ఫిల్టరు, బండి పుట్టిన ఏడాది దాని మీదే అచ్చయి ఉంది. కొత్త ఫిల్టరు వేశామని మేము ఇచ్చిన కాగితంలో రాసి ఉంటుంది. టార్చి పైకి తిప్పి గేర్ బాక్స్‌ని ఇంజనుకు బిగించిన పెద్ద బోల్టులు చూశాను. ఫ్యాక్టరీలో బిగించినవాళ్ళు బోల్టు తల మీదుగా పక్క లోహం మీదికి పసుపురంగు గీత ఒకటి గీస్తారు. బోల్టు ఒక్కసారి తిరిగినా ఆ గీత రెండు ముక్కలవుతుంది, మళ్ళీ ఎంత జాగ్రత్తగా బిగించినా కలవదు. ఒకటి, రెండు, మూడు, అన్నీ కలిసే ఉన్నాయి. ఈ గేర్ బాక్స్‌ను పుట్టినప్పటి నుంచి ఎవరూ దించలేదు, విప్పలేదు, లోపల చెయ్యి పెట్టలేదు. మందు పోశారు. కంపుకొట్టే జిగురు మందు పోసి, విప్పి బిగించాం అని రాసి ఇచ్చారు. ఇచ్చారు అని ఎవరినో అంటున్నానేమిటి. ఇచ్చాం.

నాన్న మంచంలో ఉన్న రోజుల్లో అన్నయ్య తల దగ్గర కూర్చునేవాడు. వాడి మాటలకి నాన్న నవ్వేవాడు, నిజంగానే నవ్వేవాడు, అది కాదనలేను. నేను కాళ్ళ దగ్గర. దుప్పట్లు మార్చేదాన్ని, మంచం కింది గిన్నె ఎత్తి పారబోసేదాన్ని, వీపు మీద పుళ్ళు తుడిచేదాన్ని. చూడవచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు ఆ మూడు నెలల్లో ఒక్కరోజు కూడా అసహ్యం వేయలేదు. ఒంటి మురికి, బండి మురికి, నీళ్ళు పోస్తే పోయేవే. నాకు అసహ్యం వేసింది వేరే రోజు. నాన్నని చూడటానికి డాక్టరు ఇంటికి వచ్చి, పుళ్ళు శుభ్రంగా ఉన్నాయే, ఎవరు చూసుకుంటున్నారు అని అడిగాడు. అన్నయ్య తల వంచి, ఏదో మా చేతనైనంత అండీ అన్నాడు. ఆ 'మా' అన్న మాటకి వేసింది అసహ్యం. నేను గుమ్మంలో తడి చేతులతో నిలబడి ఉన్నాను. నాన్న నా వైపు చూశాడు, వాడి వైపు చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు కూడా నేనేం మాట్లాడలేదు. మాట్లాడకపోవడం మంచితనం అనుకున్నాను చాలా ఏళ్ళు. ఇప్పుడు ప్యాన్ కింద నిలబడి, మెడ మీద నూనె చుక్కలు పడుతుంటే, ఆ మంచితనం కూడా ఈ జిగురు మందు లాంటిదేనేమో, అరిగిన చోటల్లా పోసి బండి నడుస్తోందనిపించానేమో అని తోచి, ఛీ అని పైకే అన్నాను.

"ఏమైంది తల్లీ?" అని వెనకనుంచి అన్నయ్య గొంతు. వాడు షెడ్డులోకి వస్తే మురికి అంటకుండా మునివేళ్ళ మీద నడుస్తాడు. నా చేతిలో ప్యాన్ చూశాడు. పైన గీతలు చూశాడో లేదో, టార్చి అటే పెట్టి ఉంది.

"నువ్వు దీన్ని విప్పలేదు," అన్నాను.

వాడు బెంచీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "కన్వర్టర్ పోయిందని చెప్దాం. అది వేరే భాగం. మొన్న చేసింది గేర్ బాక్స్, ఇప్పుడు పోయింది కన్వర్టర్. వాళ్ళకేం తెలుస్తుంది?"

"కన్వర్టర్ బాగుంది."

"బాగుందని నీకు తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడైనా నువ్వు బాగా చేసి ఇయ్యి, వాళ్ళకీ మంచిదే కదా. మన పేరూ నిలబడుతుంది. నాన్న పేరు."

నాన్న పేరు అనేసరికి ప్యాన్ వాడి ముక్కు కిందికి చాపాను. "ఎందుకు తీసుకున్నావు ఈ పని? నేను వచ్చేదాకా ఆగమని చెప్తే పోయేది కదా. ఇంకో షాపుకి పంపిస్తే పోయేది కదా."

వాడు తేనె లేని గొంతుతో అన్నాడు. "ఏమని చెప్పమంటావే? ముప్పై ఏళ్ళ షాపు, నేను పెద్దకొడుకుని, నాకు గేర్ బాక్స్ విప్పడం రాదు, మా చెల్లి వచ్చి చేస్తుంది అని చెప్పమంటావా? దించుదామని మొదలుపెట్టాను. కింద రెండు గంటలు పడుకున్నాను. ఏ బోల్టు ముందు తీయాలో నాకు తెలియలేదు. నాన్న నీకు నేర్పాడు. నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. నేనెప్పుడైనా అడిగానా నిన్ను?"

రెండు గంటలు. ఆ గోళ్ళ మనిషి, ఆ చొక్కా మనిషి, ఎవరూ చూడకుండా షట్టరు దించుకుని, వెల్లకిలా పడుకుని, నేను కళ్ళు మూసుకుని చేసే పనిని పైకి చూస్తూ పడుకున్నాడు. నాకు జాలి వేసింది. జాలి వేయడం నాకు ఇంకా రోతగా ఉంది, ఎందుకంటే అది ఎంత దూరం లాక్కెళ్తుందో తెలుసు. జాలిపడి ఊరుకుంటే మళ్ళీ ఒక కాగితం మీద సరే అని రాస్తాను. ఆవిడ మళ్ళీ ఆ మలుపు దగ్గర కాలు నొక్కుతుంది. "వెళ్ళి ఆవిడని పిలు," అన్నాను. వాడు కదల్లేదు. నేనే పిలిచాను. "అక్కా, ఒకసారి ఇలా రండి. తల జాగ్రత్త."

ఆవిడ లిఫ్ట్ కిందికి వచ్చింది, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని. తమ్ముడు కూడా లేచి నెమ్మదిగా వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ప్యాన్ చూపించాను, ప్లేట్ల ముక్కలు చూపించాను, ఫిల్టరు మీద ఏడాది చూపించాను. ఆవిడ వింటోంది గాని ఇంకా అర్థం కాలేదు. టార్చి పైకి పట్టి పసుపు గీతల సంగతి చెప్పాను. ఆవిడ మెడ పైకెత్తి ఒక్కో బోల్టూ చూసింది. కుట్టుపని మనిషి చూపు, పోగు పోగూ వెతికే చూపు. మూడో బోల్టు దగ్గరికి వచ్చేసరికి ఆ ముఖంలో ఏదో మూసుకుపోయింది.

"ఈ కుట్టు విప్పలేదు," అంది.

"విప్పలేదు అక్కా."

"విప్పి బాగుచేశామని కదా ఇచ్చారు."

"అబద్ధం. చిక్కటి మందు పోసి ఇచ్చాం."

తమ్ముడు ఏదో సరదా మాట అనబోయి, అక్క ముఖం చూసి మానుకున్నాడు. అన్నయ్య ముందుకు వచ్చి, అసలు ఏం జరిగిందంటే అమ్మా అని మొదలుపెట్టాడు, తల ఆ వంపే, గొంతు ఆ మెత్తనే. ఆవిడ వాడి వైపు తిరగను కూడా లేదు. "మీకు తెలుసా?" అని నన్ను అడిగింది. తెలియదు అనొచ్చు. చెయ్యి విరిగి ఇంట్లో ఉన్నాను, ఇవాళే తెలిసింది అనొచ్చు, అందులో ముప్పాతిక నిజం. మిగిలిన పావు వంతు వంతెన మీద అరిచింది కదా ఇందాక. "మందు సంగతి ఇవాళే తెలిసింది. జారుతోందని ఆ రోజే తెలిసింది. ఇచ్చే ముందు నడిపింది నేనే. చెవికి పట్టింది. గొడవ ఎందుకని ఊరుకున్నాను," అన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే కంపుకొట్టింది.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది, నేను తట్టుకునేదాన్ని. చీర కొంగుతో తమ్ముడి నుదుటి చెమట తుడిచి, కూర్చోమని అతనికి ముక్కాలిపీట జరిపింది. తర్వాత, "మీరు చూసినదంతా కాగితం మీద రాసి ఇవ్వండి. మీ చేత్తో," అంది. "బండిని మీరు ముట్టుకోవద్దు. ఇంకోచోట ఇస్తాను. వాళ్ళకి చూపించాలి."

టూల్స్ బల్ల మీద కాగితం పెట్టుకుని నిలబడే రాశాను. నూనె రంగు, వాసన. వేడెక్కాక రెండు నుంచి మూడుకి మారేచోట జారుతోంది. ఒత్తిడి బాగుంది. ప్యాన్‌లో ప్లేట్ల ముక్కలు. ఫిల్టరు పాతదే. ఫ్యాక్టరీ గీతలు చెదరలేదు, గేర్ బాక్స్ దించలేదు. రాస్తుంటే వేలిముద్రలు పడుతున్నాయి, తుడుచుకోలేదు. అన్నయ్య నా భుజం మీదుగా చదువుతున్నాడని ఊపిరిని బట్టి తెలుస్తోంది, సెంటు వాసన. సంతకం పెట్టబోయి ఆగి, ఇంకో రెండు వాక్యాలు రాశాను. పని చేయకుండానే చేశామని రాసి ఇచ్చాం. ఇచ్చే ముందు నడిపి చూసింది నేను, జారడం గమనించి కూడా సరే అని సంతకం పెట్టాను. వాడు గుసగుసగా, "ఇది పట్టుకుని ఆవిడ ఎక్కడికైనా వెళ్ళొచ్చు. షాపు మూయించొచ్చు. తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. వాడు నా పక్కనుంచి చెయ్యి చాచి పెన్ను తీసుకున్నాడు. చింపేస్తాడనుకుని కాగితం మీద అరచెయ్యి పెట్టాను. వాడు నా సంతకం కింద, ఖాళీ చాలక కొంచెం వంకరగా, తన సంతకం పెట్టి, పెన్ను బల్ల మీద పడేసి, ఎవరి వైపూ చూడకుండా అద్దాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వాడు ఎందుకు పెట్టాడో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మంచి ఆలోచనతోనే అని నమ్మడానికి మనసు ఒప్పుకోలేదు, కాదనడానికీ ఒప్పుకోలేదు.

ఆవిడ కాగితం మొత్తం చదివి, నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. గోడ గడియారం పన్నెండు నలభై చూపిస్తోంది. "ఆస్పత్రి దగ్గర దింపండి," అంది. అడిగినట్టు లేదు. షాపు వ్యానులో ముందు సీట్లోనే ముగ్గురం ఇరుక్కున్నాం, నడుమ అతను. నా వైపు ఉన్న చెయ్యిని, సూదులు గుచ్చే చెయ్యిని, ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకున్నాడు. మోచేతి కింద, సూదుల కోసం ఆపరేషను చేసి కలిపిన నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. గేరు వేసినప్పుడల్లా నా మోచెయ్యి అతనికి తగులుతుందేమోనని ఒదిగి నడిపాను. సగం దారిలో, "దీని మీద చెయ్యి పెట్టి చూడండి, లోపల ఇంజను ఉన్నట్టే గుర్రుమంటుంది, మీలాంటి వాళ్ళకి నచ్చుతుంది," అన్నాడు. నా చేతులు మురికిగా ఉన్నాయన్నాను. "నా రక్తం ఇంతకంటే మురికిగా ఉంది లెండి ఈపూట," అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు, రోడ్డునే చూస్తోంది. అతని పక్కన కూర్చుంటే తెలిసింది, ఊపిరి మాటకీ మాటకీ మధ్య అందడం లేదు, అందక ఆగినట్టు కాకుండా నవ్వినట్టు వదులుతున్నాడు. పెద్ద రోడ్డు మలుపు వచ్చింది. లారీలు పోయేదాకా ఆగి, నెమ్మదిగా తిప్పాను.

ఆస్పత్రి వాకిట్లో దిగాక అతను గోడ వారగా ఉన్న కుళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టాడు, మోచేతి దాకా, సబ్బుతో. సూదులు గుచ్చే ముందు ప్రతిసారీ చేసేదే కాబోలు, శ్రద్ధగా చేస్తున్నాడు. ఆవిడ తలగడ, దుప్పటి, గిన్నె చంకలో పెట్టుకుని దిగింది. వ్యాను తలుపు వేసింది. క్షమించండి అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ అది పలికితే బరువు నా మీంచి దిగి ఆవిడ మీద పడుతుంది, సరే అనో కాదనో ఆవిడ చెప్పాలి, నాకోసం. మింగేశాను. ఆవిడ నాలుగు అడుగులు వేసి, వెనక్కి వచ్చి, కిటికీ దగ్గర నిలబడింది.

"నాలుగు గంటలు పడుతుంది. ఆరుకల్లా ఇక్కడ ఉండాలి మీరు."

"ఉంటాను."

"ఎల్లుండి కూడా. పన్నెండున్నరకి ఇంటికి రావాలి, వాడు మెట్లు దిగడానికి టైము పడుతుంది."

"వస్తాను."

"మా బండి బాగయ్యేదాకా," అంది. తమ్ముడు చెయ్యి దులుపుకుంటూ, అక్కా రా, మంచం ఎవరో పట్టేసుకుంటారు అని పిలిచాడు. ఆవిడ దుప్పటి ఇంకో చంకలోకి మార్చుకుని, తడి లేని వైపు నుంచి అతని భుజం పట్టుకుని లోపలికి నడిపించుకు వెళ్ళింది.